చిత్రలిపులు - వ్యాకరణము

లిపి భాషకు తొడుగు వంటిదనియు, పలుకు ముందు పుట్టి వ్రాత వెనుక వచ్చుననియు భాషాచరిత్రకారులు చెప్పుదురు. మానవజాతి చరిత్ర విషయమున ఇది నిర్వివాదము. కాని వ్యక్తి జీవితమున ఈ క్రమము తలక్రిందైన సందర్భములు కలవు. పలుకు రాకముందే, కొందఱియెడ పలుకు ఎన్నడును రాకయే, కంటికి గోచరించు గుఱుతులే తొలిభాషగా నిలిచిన మనుష్యులు మన నడుమ ఉన్నారు. ఆటిజము గలవారిలో కొందఱు అట్టివారు. వారికి ఉపకరించు చిత్రలిపులను వైద్యులు పరిశీలించినారు. ప్రత్యేకవిద్యను బోధించువారు పరిశీలించినారు. భాషాసాహిత్యములను పాఠము చెప్పు మనవంటివారము మాత్రము వానిని మన విషయముగా ఎంచలేదు.

ఈ లిపులను గూర్చి రెండు ప్రశంసలు తఱచుగా వినవచ్చును. వీనికి వ్యాకరణముతో పనిలేదనుట ఒకటి. ఇవి ఏ భాషకును చెందక అన్ని భాషలకును సమానముగా చెల్లుననుట రెండవది. ఈ రెండును పూర్తిగా నిజములు కావనియు, వానిని నిజములని నమ్మి తెలుగు బిడ్డ చేతికి ఒక చిత్రఫలకమును అందించినచో ఆ పొరపాటువలని నష్టము బిడ్డకే కలుగుననియు చూపుట ఈ వ్యాసోద్దేశము. ఇందులకై మూడు పద్ధతులను పరీక్షింతును. చార్లెస్ బ్లిస్ కల్పించిన బ్లిస్ లిపి మొదటిది. అమెరికాలో పుట్టిన చిత్రవినిమయ పద్ధతి రెండవది. చెన్నైకి చెందిన అజిత్ నారాయణన్ రూపొందించిన ఫ్రీస్పీచ్ మూడవది.

ముందుగా ఆటిజము భాషతో పెట్టుకొన్న సంబంధమును కొంత తెలిసికొనవలెను. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లల స్వభావమును వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించెను. వారిలో 8 మందికి మాట వచ్చినది, ముగ్గురికి రాలేదు. మాట వచ్చినవారును విన్న వాక్యమును విన్నట్లే మరల పలుకుటయు, 'నేను', 'నీవు' అను సర్వనామములను తాము విన్న రూపముననే వాడుటయు ఆయన గమనించెను. దీనిని మన భాషలో ఊహించుకొనుట కష్టము కాదు. తల్లి "నీళ్లు కావాలా?" అని అడిగి నీళ్లిచ్చినది. ఆనాటి నుండి ఆ బిడ్డ దాహమైనప్పుడెల్ల "నీళ్లు కావాలా?" అనియే పలుకును. వినువారికి ఇది తప్పుగా తోచును. కాని ఆ వాక్యమునంతటిని బిడ్డ దాహమునకు పేరుగా, ఒక్క పదముగా గ్రహించినాడని ఎంచినచో ఆ వాడుక సార్థకమే. లోపించినది అర్థము కాదు. వాక్యమును ముక్కలుగా విడదీసి మరల కూర్చు శక్తి.

చిత్రలిపి సహాయపడునది సరిగా ఇచ్చటనే. ధ్వని పుట్టిన క్షణముననే నశించును. చిత్రము కన్నులయెదుట నిలిచియుండును. దానిని చేతితో తీసి ప్రక్కన పెట్టవచ్చును, మార్చవచ్చును, మరల కూర్చవచ్చును. అయితే ఆటిజము గలవారందఱును చిత్రములతోనే ఆలోచింతురని చెప్పుట తగదు. 1995లో 'థింకింగ్ ఇన్ పిక్చర్స్' అను గ్రంథమున తన ఆలోచన చిత్రమయమని వ్రాసిన టెంపుల్ గ్రాండిన్, ఆ గ్రంథపు 2006 నాటి ముద్రణమున, అందఱును తనవలె ఆలోచింపరనియు, వారిలో పలు విధములవారు కలరనియు సవరించుకొన్నది.

ఇక బ్లిస్ లిపి. చార్లెస్ బ్లిస్ 1897లో, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమునకు చెందిన చెర్నోవిట్జ్ నగరమున జన్మించెను. పలుభాషలవారు ఒకరినొకరు ద్వేషించుకొనుచు బ్రతికిన ఊరది. రసాయనశాస్త్రపు ఇంజనీరుగా వియన్నాలో చదివిన ఆయనను 1938లో నాజీలు డాచౌ, బుకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరములలో ఉంచిరి. విడుదలయిన పిదప ఆయన షాంఘై చేరెను. అచ్చటి అంగళ్ల పలకలపైని చీనా అక్షరములను నేర్చుకొనుచుండగా, తాను వానిని చీనాభాషలో గాక తన భాషలోనే చదువుచున్నట్లు ఆయనకు స్ఫురించెను. ఏ భాషవాడు ఆ భాషలో చదువుకొనదగిన లిపి ఒకటి ఉండిన బాగుండునను ఊహకు అది బీజము. 1946లో ఆస్ట్రేలియా చేరి, 1949లో 'సెమాంటోగ్రఫీ' అను పేర తన లిపిని ప్రకటించెను. ప్రపంచశాంతికై ఆయన కల్పించిన ఆ లిపిని లోకము పట్టించుకొనలేదు. 1971లో కెనడాలోని టొరంటోలో, సెరిబ్రల్ పాల్సీ వలన మాట్లాడలేని పిల్లలకు పాఠము చెప్పు షర్లీ మెక్‌నాటన్ అను ఉపాధ్యాయిని బృందము దానిని గుర్తించినది. ఆటిజము గలవారికొఱకు పుట్టిన లిపి కాకపోయినను, పలుకు లేనివారికై ఏర్పడిన చిత్రలిపులలో వ్యాకరణమును ఇంత స్పష్టముగా బయటపెట్టినది మఱొకటి లేదు గనుక దానిని మొదట గ్రహించితిని.

ఈ లిపి కొలదిపాటి మూలరూపముల కూర్పు. అలవలె వంకర తిరిగిన గీత నీరు. హృదయాకారము భావము, దాని ప్రక్క పైకి చూచు బాణమున్నచో సంతోషము, క్రిందికి చూచు బాణమున్నచో దుఃఖము. గుఱుతుపై చిన్న చదరమున్నచో వస్తువు, చిన్న కప్పు వంటి గీత యున్నచో క్రియ. ఇట్లు నామమును, క్రియను, విశేషణమును వేఱుచేయు సంకేతములు దీనికి గలవు. అనగా ఇది చిత్రముల కుప్ప కాదు. వ్యాకరణము గల భాష. దీనికి మించిన గుణము మఱొకటి కలదు. ఫలకమున లేని మాటను చెప్పదలచినవాడు ఉన్న గుఱుతులను కలిపి క్రొత్తమాటను కల్పించుకొనవచ్చును. 'నేను రెండు గుఱుతులను కూర్చుచున్నాను' అని తెలుపుటకును, 'దీనికి వ్యతిరేకార్థము' అని తెలుపుటకును ప్రత్యేకమైన గుఱుతులే ఏర్పడినవి. మన వ్యాకరణములలో సమాసపరిచ్ఛేదము చేయు పనిని ఇవి చేయుచున్నవి. ఉపాధ్యాయుడు ఊహింపని మాటను బిడ్డ చెప్పగలుగుట దీనివలననే.

కాని ఈ లిపి విశ్వజనీనమనుమాట నిలుచునా? 'నేను' అనుటకు బ్లిస్ మనిషి గుఱుతు ప్రక్క 1 అను అంకెను ఉంచెను. 'నీవు' అనుటకు 2. 'అతడు' అనుటకు 3. యూరపు వ్యాకరణములలో పెరిగినవానికి ఇది సహజముగా, సర్వమానవ సాధారణముగా తోచును. మనకో, ప్రథమపురుష యనగా 'అతడు', 'నేను' ఉత్తమపురుష. పాణినీయమును అనుసరించిన మన సంప్రదాయమున లెక్క అటునుండి మొదలగును. 1 అను అంకెలో 'నేను' కనబడుట ప్రకృతిసిద్ధము కాదు. ఒక వ్యాకరణసంప్రదాయము నేర్పిన అలవాటు. అట్లే 'నేను' గుఱుతునకు బహువచనచిహ్నము చేర్చగా ఏర్పడు ఒక్క గుఱుతున మన 'మనము', 'మేము' రెండును కలిసిపోవును. "మేము బయటికి పోవుచున్నాము" అనుటకును "మనము బయటికి పోవుచున్నాము" అనుటకును నడుమనున్న భేదము, ఇంటివద్ద వదలిపెట్టబడు బిడ్డకు మిక్కిలి పెద్ద భేదము. ఏ భాషకును చెందని లిపిగా ఉద్దేశింపబడినది తన పుట్టినింటి వ్యాకరణమును వెంటబెట్టుకొనియే వచ్చినది.

బ్లిస్ తన లిపి స్వతంత్రభాషగా నిలువవలెననెను; టొరంటో ఉపాధ్యాయులు దానిని ఆంగ్లమునకు వంతెనగా వాడుచు మార్పులు చేసిరి. ఇది పెద్ద వివాదమై, 1975లో ఒక ఒప్పందమును, 1982లో శాశ్వతానుమతిని పొందిన పిదపనే కొలిక్కి వచ్చినది. సృష్టికర్త కోపమును నేను తేలికగా తీసివేయను. కాని భాష ఒకమాఱు వాడువారి చేతికి పోయిన పిదప సృష్టికర్త శాసనము దానిపై చెల్లదు. పిల్లలు దానితో తమ తల్లిదండ్రులతో మాట్లాడుకొనవలెను. ఆ తల్లిదండ్రులకు ఒక భాష ఉన్నది. ఈ విషయమున న్యాయము ఉపాధ్యాయుల పక్షముననే ఉన్నదని నా అభిప్రాయము.

రెండవది, అమెరికాలోని డెలవేర్ రాష్ట్రమున 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనువారు ఆటిజము గల పిల్లలకొఱకే ఏర్పఱచిన చిత్రవినిమయ పద్ధతి. దీనిని పెక్స్ అని వ్యవహరింతురు. ఇందు ఆరు దశలు. బిడ్డ తనకు కావలసిన వస్తువు బొమ్మగల చీటీని ఎదుటివారి చేతిలో పెట్టి ఆ వస్తువును పొందుట మొదటి దశ. దూరముగానున్న మనిషిని వెదకికొనిపోయి ఇచ్చుట రెండవది. బొమ్మలలో భేదము తెలిసికొని ఏరుట మూడవది. చీటీలను పట్టీపై వరుసగా కూర్చి వాక్యము చేయుట నాలుగవది. 'నీకేమి కావలెను?' అను ప్రశ్నకు ఉత్తరమిచ్చుట ఐదవది. కన్నదానిని విన్నదానిని గూర్చి చెప్పుట ఆరవది.

దీని గొప్పతనము మొదటి దశలోనే యున్నది. బొమ్మను వ్రేలితో చూపుట మాత్రముననే ఎదుటివాడు చూచెనో లేదో తెలియదు. బొమ్మను అతని చేతిలో పెట్టుట తప్పని సంభాషణము. భాష ఇద్దఱి నడుమ జరుగు పని యను సత్యమును దీనికంటె సులభముగా బోధించిన పాఠము లేదు. బిడ్డ అడిగినదానికి బదులు చెప్పువాడుగా గాక, తానే సంభాషణమును ఆరంభించువాడుగా నిలుచును.

విమర్శకు పాత్రమగునది నాలుగవ దశ. ఆంగ్లమున 'ఐ వాంట్' అను ఒక్క చీటీ పట్టీ మొదట నిలుచును. దాని తరువాత వస్తువు బొమ్మ. ఈ పట్టీని ఉన్నదున్నట్లు తెలుగునకు దింపినచో ఏమగును? 'నాకు నీళ్లు కావాలి' అను మన వాక్యమున 'నాకు' మొదటను 'కావాలి' తుదను నిలిచి, వస్తువు నడుమ చిక్కును. 'ఐ వాంట్' అను ఏకఖండము తెలుగున రెండుగా చీలును. దానిని 'నాకు కావాలి' అని ఒక్క చీటీపై వ్రాసి మొదట అతికించినచో, బిడ్డ ఇంటిలో ఎన్నడును వినని వాక్యక్రమమును పాఠశాలలో నేర్చుకొనును. మాటను ముక్కలు చేయుటయే కష్టమైన బిడ్డకు రెండు క్రమములు నేర్పుట న్యాయమా?

నిజమునకు తెలుగు ఈ బిడ్డకు ఎక్కువ అనుకూలమైన భాష. 'నాకు' అను మాటను మనము నిత్యవ్యవహారమున విడిచివేయుదుము. 'నీళ్లు కావాలి' యన్నచో చాలును. బిడ్డ మనస్సున ముందుగా నిలిచినది నీళ్లు. ఆ చీటీయే ముందు పెట్టవచ్చును. తరువాత 'కావాలి' చీటీని చేర్చవచ్చును. తాను నేర్చిన మొదటి దశను ఏమాత్రము మార్చుకొనక, దాని వెనుక ఒక్క చీటీని తగిలించినచో వాక్యమగును. ఆంగ్లపు పట్టీలో వస్తువునకు ముందు మఱొకటి పెట్టుట నేర్వవలసిన శ్రమ తెలుగు బిడ్డకు లేదు. మన వాక్యనిర్మాణము ప్రసాదించిన ఈ సౌలభ్యమును అనువాదమున పోగొట్టుకొనుట అవివేకము.

మూడవది ఫ్రీస్పీచ్. మాటలాడలేని పిల్లలకై 'అవాజ్' అను సాధనమును నిర్మించిన అజిత్ నారాయణన్, ఆ పిల్లలకు బొమ్మలు తెలిసినను వ్యాకరణము చిక్కుపడుచున్నదని గుర్తించి, 2013లో ఈ పద్ధతిని గూర్చి ఉపన్యసించెను. ఇందు మాటలు వరుసలో నిలువవు. క్రియ నడుమ నుండును. దానినుండి ప్రశ్నలు కొమ్మలవలె సాగును: ఎవరు? ఏమి? ఎప్పుడు? ఎక్కడ? ప్రతి కొమ్మ చివరను ఒక బొమ్మ. ఈ పటమును యంత్రము వ్యాకరణబద్ధమైన వాక్యముగా మార్చును.

ఈ పటమును చూచిన తెలుగు పండితునికి పాత స్నేహితుడు ఎదురుపడినట్లుండును. క్రియతో అన్వయము గలది కారకమని మన శాస్త్రము. "అమ్మ గరిటెతో పప్పు వడ్డించినది" అను వాక్యమున వడ్డించుట నడుమ నిలిచి, ఎవరు అన్నచో అమ్మ, దేనిని అన్నచో పప్పు, దేనితో అన్నచో గరిటె. పంతులుగారు పిల్లలచేత వల్లింపజేసిన ప్రశ్నలే ఇవి. కావున ఫ్రీస్పీచ్ వ్యాకరణమును తొలగించెననుట పొరపాటు. అది తొలగించినది విభక్తిప్రత్యయమును, పదక్రమమును. కారకమును తొలగింపలేదు, తొలగింపజాలదు. ఈ భేదమును పాటించుటయే ఈ పద్ధతి విజయమునకు కారణము. ప్రత్యయమును, పటమును రెండింటిని విడిచి వట్టి బొమ్మలు పేర్చినచో ఏమగునో చూడుడు. బిడ్డ 'అన్న', 'నేను', 'కొట్టు' అను మూడు చీటీలను ముందుంచినాడనుకొందము. కొట్టినవాడెవడు, దెబ్బ తిన్నవాడెవడు? 'ను' అను ఒక్క అక్షరము లేనందున ఆ బిడ్డ సాక్ష్యము రెండువిధముల చెల్లును. వ్యాకరణము అలంకారము కాదు. బలహీనుని మాటకు అది రక్షణ.

అయినను ఈ పద్ధతియందును తెలుగువారు జాగ్రత్త పడవలసిన తావు ఒకటి కలదు. ఆంగ్లమున ఆకలిగొన్నవాడును, భయపడినవాడును, నొప్పిపడినవాడును వాక్యమునకు కర్తయే. 'ఎవరు' అను ప్రశ్నకు అతడే ఉత్తరము. మన భాషలో 'నాకు ఆకలి వేయుచున్నది', 'నాకు నొప్పిగా నున్నది', 'నాకు భయము', 'నాకు ఇష్టము'. ఇందు 'నేను' కర్త కాదు. మన వ్యాకరణములు షష్ఠిలో చెప్పిన 'కు' ప్రత్యయమే ఈ భావములనన్నిటిని మోయుచున్నది. 'ఎవరు' అని కాక 'ఎవరికి' అని అడిగిననే ఉత్తరము వచ్చును. పలుకు లేని బిడ్డ లోకమునకు ముఖ్యముగా తెలుపవలసినవి ఆకలి, నొప్పి, భయము, ఇష్టము. అవియన్నియు మన భాషలో ఒకే ద్వారమున వెలువడుచుండగా, ఆ ద్వారము పేరు పటమున లేకపోయినచో బిడ్డ ఎక్కడ నిలువవలెను? తెలుగు పటమున 'ఎవరికి' అను కొమ్మ తొలుతనే ఉండవలెను.

ఈ మూడు పద్ధతులకును సమానముగా వర్తించు మఱొక విషయము నిషేధము. ఆంగ్లపు 'నో' అను మాటకు ఫలకమున సాధారణముగా ఒక అడ్డగుఱుతు గాని, తల అడ్డముగా నూపు బొమ్మ గాని నిలుచును. తెలుగున దానికి ఒక్క మాట లేదు. 'వద్దు' అనునది నిరాకరణము. 'లేదు' అనునది వస్తువుయొక్క అభావము. 'కాదు' అనునది తాదాత్మ్యనిషేధము. తెలుగు బిడ్డలు ఈ మూటిని చిన్ననాటనే వేఱుగా వాడుదురు. ఒక బిడ్డ అన్నము బొమ్మ ప్రక్క అడ్డగుఱుతు నుంచినాడనుకొందము. 'అన్నము వద్దు' అనుచున్నాడా? 'అన్నము లేదు, పెట్టుడు' అనుచున్నాడా? 'నేనడిగినది అన్నము కాదు, మఱొకటి' అనుచున్నాడా? తల్లి మొదటి అర్థము గ్రహించి పళ్లెము తీసివేసినచో, రెండవ అర్థమున పలికిన బిడ్డ ఆకలితో ఏడ్చును. చూచువారు ఆ ఏడ్పును మొండితనమని వ్రాసికొందురు. గుఱుతున జరిగిన దోషము బిడ్డ స్వభావమునకు అంటగట్టబడును. దీనిని సవరించుట కష్టము కాదు. చేతితో త్రోసివేయు బొమ్మ 'వద్దు' నకును, ఖాళీ పళ్లెము 'లేదు' నకును, ఒకదానిపై గీటు పెట్టి ప్రక్కన మఱొకదానికి చోటుంచిన రెండు గళ్లు 'కాదు' నకును ఉంచవచ్చును. ఇంతకంటె మేలైన రూపములను చిత్రకారులు కల్పింపగలరు. మూడు వేఱుగా ఉండవలెననుట మాత్రము భాషవారు చెప్పవలసిన మాట.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. ఒక్క చీటీ అందించుటయే గగనమైన బిడ్డకు మూడు నిషేధములు, 'ఎవరికి' అను కొమ్మ, 'మనము - మేము' భేదము నేర్పుట భారము కాదా యని. ఆక్షేపము విలువైనదే. తొలినాడే అన్నియు నేర్పవలెనని నేననుట లేదు. కాని నేర్పుట వేఱు, చోటుంచుట వేఱు. పసిబిడ్డ వాడలేడని అక్షరమాలనుండి అక్షరములను తీసివేయము గదా! 'వద్దు' అను గుఱుతును మాత్రము తొలినాడే ఉంచవలెనని నా దృఢాభిప్రాయము. అడుగుట మాత్రమే నేర్పి కాదనుట నేర్పని భాష, నేర్చినవానికంటె నేర్పినవానికే ఎక్కువ సౌకర్యము.

లిపిని పరీక్షించునప్పుడు కర్తృత్వమును గూడ పరీక్షింపవలెను. బిడ్డ చేతిని మఱొకరు పట్టుకొని అక్షరములపై నడపు పద్ధతులు కొన్ని వ్యాపించినవి. అట్లు వెలువడిన వాక్యములు బిడ్డవి కాక సహాయకునివేయని పరీక్షలలో తేలుటచే, అమెరికాలోని వాగ్భాషాశ్రవణ నిపుణుల సంఘము 2018లో అట్టి పద్ధతిని వాడరాదని ప్రకటించినది. ప్రక్షిప్తములను ఏరుట వృత్తిగా గల మనకు ఈ జాగ్రత్త క్రొత్తది కాదు. ఎంత మనోహరమైన పద్యమైనను కవిది కానిచో కవికి అంటగట్టము. బిడ్డ తన చేతితో తెచ్చి ఇచ్చిన ఒక్క చీటీ, పరులచేత నడిపింపబడిన పది పుటలకంటె విలువైనది.

ఈ పరీక్షవలన తేలినదేమి? చిత్రలిపి యోగ్యతను అది ఎంత త్వరగా అభ్యాసమగునను దానినిబట్టి నిర్ణయించుట చాలదు. దానితో బిడ్డ కాదనగలడా, తనకు జరిగినదానిని కర్తృకర్మలు తాఱుమాఱు కాకుండ చెప్పగలడా, మనము ఊహింపని మాటను కూర్చగలడా అను మూడు ప్రశ్నలు వేయవలెను. బ్లిస్ లిపి మూడవదానికి చక్కని ఉత్తరమిచ్చును. ఫ్రీస్పీచ్ రెండవదానికి ఇచ్చును. చిత్రవినిమయ పద్ధతి సంభాషణమునకు అందఱికంటె గట్టి పునాది వేయును. తెలుగున ఈ మూడు గుణములను కూర్చుకొనుటకు అడ్డేమియు లేదు.

మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, సంభాషణము అను మాటకు చెప్పిన నిర్వచనమున దృశ్యరూపములను, పలుకునకు తోడ్పడు ప్రత్యామ్నాయ మార్గములను గూడ చేర్చినది. చట్టము భాషగా అంగీకరించినదానిని భాషాశాఖలు అంగీకరింపక పోవుట శోభింపదు. తెలుగు చిత్రఫలకమున ఏ మాటలు ముందుండవలెను, ఏ క్రమమున ఉండవలెను, 'కు' ప్రత్యయమునకు గుఱుతేమి, వరుసవావులలో అక్కను చెల్లెలిని, పెదనాన్నను చిన్నాన్నను వేఱుచేయుటెట్లు అనునవి ఒక్కొక్కటి ఒక్కొక్క పరిశోధనకు చాలిన విషయములు. మాండలికములలో పిల్లల తొలిమాటలను సేకరించుటతో ఈ పని ఆరంభింపవచ్చును. బాలవ్యాకరణము పదిపరిచ్ఛేదములను పలుమాఱు పాఠము చెప్పిన మనము, మాటరాని బాలునికొఱకు కారకపరిచ్ఛేదమునొకదానిని బొమ్మలలో వ్రాయుటకు పూనుకొందుమని ఆశించుచు, ఈ విషయమును పరిశోధక విద్యార్థుల ముందుంచుచున్నాను.